శెనక్కాయ మీద నింద: ఎగ్జిమా పత్యానికి ఒక చరిత్ర



చాలా ఏళ్ళ క్రితం తనకల్లు వైపు నుంచి ఒక తల్లి తన రెండున్నరేళ్ళ కొడుకును నా దగ్గరకు తీసుకువచ్చింది. పిల్లవాడి మోచేతుల మడతల్లో, మోకాళ్ళ వెనుక, మెడ చుట్టూ చర్మం మందంగా, ఎర్రగా, గోకిన గీతలతో నిండి ఉంది. రాత్రుళ్ళు నిద్ర లేదని చెప్పింది. అది ఎగ్జిమా అని చూడగానే తెలిసింది. నన్ను కలవరపెట్టింది మాత్రం చర్మం కాదు, పిల్లవాడి బరువు. వయసుకు ఉండవలసినదానికంటే చాలా తక్కువ. ఏమి పెడుతున్నావని అడిగాను. పాలు, పెరుగు, గుడ్డు, శెనక్కాయలు, వంకాయ, కందిపప్పు, నూనె అన్నీ మాన్పించి, అన్నంలో ఉప్పు వేసిన పలుచని చారు మాత్రం పెడుతున్నానంది.

"ఇంత పత్యం ఎవరు చెప్పారమ్మా?" అని అడిగాను.

కొన్ని అత్తగారు చెప్పారంది. కొన్ని పక్కింటివారు చెప్పారంది. తరువాత కొంచెం సంకోచిస్తూ, "గుడ్డు, శెనక్కాయలు ఆపమని మీరే కదా సార్ రాసిచ్చింది, పోయిన ఏడు" అంది.

నిజమే. నా చేతి రాతే. ఆపి చూడమని రాశాను గాని, ఎన్నాళ్ళు ఆపాలో, మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టాలో రాయలేదు. ఆనాడు నాకు కలిగిన సిగ్గే ఈ వ్యాసానికి మూలం. చర్మరోగానికీ తిండికీ ముడిపెట్టే ఆలోచన ఎక్కడ పుట్టింది, అందులో ఎంత సత్యం ఉంది, ఎక్కడ దారి తప్పింది అన్నది మీతో కలసి ఒకసారి వెనక్కి నడిచి చూడదలచాను.

పేర్లలోని చిక్కు

ఎగ్జిమా అన్న మాట గ్రీకు భాషది. పొంగి పైకి రావడం, ఉడికి బయటకు ఉబకడం అని దాని అర్థం. క్రీస్తు శకం 6వ శతాబ్దికి చెందిన ఏటియస్ అనే వైద్యుడు ఈ మాటను వాడాడు. ఒంటిలోపల ఏదో ఉడికి, చర్మం మీద పొంగుతున్నదని ప్రాచీనులు భావించారు. లోపల ఉడికేది తిన్న తిండే కాబట్టి, తిండిని మార్చితే పొంగు తగ్గుతుందన్న తర్కం సహజంగానే పుట్టింది. ఐరోపాలో చంటిపిల్లల ముఖం మీద వచ్చే ఎగ్జిమాకు 'పాల పొక్కు' అని అర్థం వచ్చే లాటిన్ పేరు చాలాకాలం వాడుకలో ఉండేది.

మనకు పేర్ల చిక్కు మరొక విధమైనది. తామర, గజ్జి, పామ అన్న మాటలను మనవారు ఒకదానికి బదులు మరొకటి వాడుతుంటారు. వైద్యదృష్టిలో తామర శిలీంధ్రం వలన వచ్చేది. గజ్జి కంటికి కనబడని చిన్న పురుగు చర్మంలో తొలచడం వలన వచ్చేది, ఇంటిల్లిపాదికీ అంటుకునేది. ఎగ్జిమా ఈ రెండూ కాదు, అంటువ్యాధి అసలే కాదు. తామరకూ గజ్జికీ పత్యంతో నిమిత్తం లేదు, వాటికి సరైన మందు కావాలి. కాబట్టి తిండి మార్చే ముందు రోగం పేరు సరిగా తెలుసుకోవడం మొదటి మెట్టు. వంకాయ మానేసి గజ్జి పురుగు చచ్చిపోతుందని ఎదురుచూసిన కుటుంబాలను నేను ఎన్నో చూశాను.

విచర్చిక, విరుద్ధాహారం

ఆయుర్వేదంలో చర్మరోగాలన్నిటినీ కలిపి కుష్ఠం అన్నారు. నేడు మనం కుష్ఠువ్యాధి అని పిలిచేది అందులో ఒక భాగం మాత్రమే. చరక సంహిత వీటిని 7 మహాకుష్ఠాలు, 11 క్షుద్రకుష్ఠాలు అని విభజించింది. క్షుద్రకుష్ఠాలలో విచర్చిక ఒకటి. దురద, నల్లబారిన పొక్కులు, రసి కారడం దాని లక్షణాలుగా చెప్పారు. నేటి ఆయుర్వేద వైద్యులు ఎగ్జిమాను సాధారణంగా ఈ పేరుతోనే గుర్తిస్తారు.

దానికి కారణాలుగా చెప్పినవాటిలో విరుద్ధాహారం ముఖ్యమైనది. చేపలనూ పాలనూ కలిపి తినకూడదన్న మాట అక్కడి నుంచి వచ్చినదే. అది మన ఇళ్ళలో ఈనాటికీ చెక్కుచెదరలేదు. చేపల కూర తిన్న పూట పెరుగు వేసుకోనివారు మనలో ఎందరో ఉన్నారు. అయితే చేప, పాలు కలిస్తే ఎగ్జిమా పుడుతుందని ఆధునిక పరిశీలనలో రుజువు కాలేదు.

అయినా ఆ సంప్రదాయాన్ని తేలికగా తీసివేయలేము. పథ్యం అన్న భావనలో ఒక గొప్ప వివేకం ఉంది. రోగి ఏమి తింటున్నాడో వైద్యుడు అడగాలన్నది అందులో మొదటిది. మందు ఎంత ముఖ్యమో ఆహారమూ అంతే ముఖ్యమన్నది రెండవది. పథ్యానికి అవధి ఉంటుందన్నది మూడవది. రోగం నెమ్మదించగానే క్రమక్రమంగా మామూలు తిండికి తీసుకురావాలన్నది పాతకాలపు వైద్యుల పద్ధతి. మనం మొదటి రెండింటినీ గుర్తుంచుకొని, మూడవదాన్ని మరచిపోయాము. నేను ఆ తల్లికి రాసిచ్చిన చీటీలో లోపించినదీ అదే.

హైదరాబాదు చెప్పిన పాఠం

తిండి వలన చర్మం చెడదా అంటే, తప్పకుండా చెడుతుంది. అందుకు బలమైన నిదర్శనం తెలుగుదేశంలోనే ఉంది.

పెల్లాగ్రా అనే వ్యాధిలో మెడ చుట్టూ, చేతుల మీద, ఎండ తగిలే చోటల్లా చర్మం నల్లబడి, పొలుసులు లేస్తుంది. విరేచనాలు, మతి చలించడం దానికి తోడవుతాయి. 18వ శతాబ్దిలో స్పెయిన్‌కు చెందిన గాస్పర్ కసాల్ దీనిని మొక్కజొన్న తినే పేదలలో గమనించాడు. 1937లో నికోటినిక్ ఆమ్లం, అంటే బి విటమిన్లలో ఒకటైన నియాసిన్, దీనికి విరుగుడని తేలింది. మొక్కజొన్న తినే దేశాల వ్యాధిగా పేరుపడిన ఈ పెల్లాగ్రా దక్కన్ పీఠభూమిలో జొన్న తినే పేదలలోనూ కనిపించింది.

1918లో కూనూరులో చిన్న పరిశోధన విభాగంగా మొదలై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన సంస్థ నేటి జాతీయ పోషకాహార సంస్థ. అక్కడి శాస్త్రవేత్తలు సి. గోపాలన్, ఎస్. జి. శ్రీకాంతయ్య 1960లో లాన్సెట్ పత్రికలో ఒక వ్యాసం ప్రచురించారు. జొన్నలో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం అధికంగా ఉండి, శరీరంలో నియాసిన్ వ్యవహారాన్ని దెబ్బతీస్తున్నదన్నది వారి ప్రతిపాదన. ఆ ప్రతిపాదన మీద తరువాత వాదోపవాదాలు జరిగాయి. కాని ఒక విషయంలో వివాదం లేదు. జొన్న చెడ్డది కాదు, జొన్న ఒక్కటే తినవలసి రావడం చెడ్డది. పప్పు, పాలు, మాంసం, వేరుశనగ వంటివి తోడైనచోట ఈ వ్యాధికి తావు ఉండదు.

దీనికి జోడీగా మరొక పాఠం ఉంది. 1929లో జార్జ్ బర్, మిల్‌డ్రెడ్ బర్ అనే అమెరికన్ శాస్త్రవేత్తల దంపతులు ఎలుకలకు కొవ్వు బొత్తిగా లేని తిండి పెట్టి చూశారు. వాటి చర్మం, తోకలు పొలుసులు కట్టాయి. నూనెలలో ఉండే లినోలియిక్ ఆమ్లం చర్మానికి అత్యవసరమని ఆ పరిశోధనల నుంచే తెలిసింది.

ఈ రెండు కథలలో చర్మం చెడింది ఏదో తినడం వలన కాదు, తినవలసినది తినకపోవడం వలన. నా దగ్గరకు వచ్చిన పిల్లవాడికి పత్యం పేరుతో జరుగుతున్నది ఇదే. ఉన్న ఎగ్జిమాకు తోడు మనం కొత్తగా పోషకాహార లోపాన్ని కలుపుతున్నాము.

అలర్జీ అనే కొత్త వెలుగు

1906లో వియన్నాకు చెందిన క్లెమెన్స్ ఫాన్ పిర్కే అలర్జీ అన్న మాటను సృష్టించాడు. 1912లో న్యూయార్క్ శిశువైద్యుడు ఆస్కర్ ష్లాస్ గుడ్డు పడని ఒక పిల్లవాడిలో, చర్మం మీద పరీక్ష చేసి ఆ సంగతి నిరూపించాడు. 1921లో జర్మనీలో జరిగిన ప్రయోగం మరింత విచిత్రమైనది. హైన్స్ క్యూస్ట్నర్ అనే వైద్యుడికి చేప పడదు. ఆయన రక్తద్రవాన్ని కార్ల్ ప్రౌస్నిట్స్ తన చర్మంలోకి ఎక్కించుకొని, అదే చోట చేప సారాన్ని పొడుచుకున్నాడు. వెంటనే అక్కడ దద్దు లేచింది. అంటే అలర్జీని మోసుకుపోయే పదార్థమేదో రక్తంలో ఉన్నదన్నమాట. ఐజీఇ అనే ఆ పదార్థాన్ని గుర్తించడానికి 1960 దశకం దాకా ఆగవలసివచ్చింది.

ఉబ్బసం, తుమ్ములు, ఎగ్జిమా ఒకే కుటుంబంలో తిరుగుతుంటాయని అప్పటికే గమనించారు. ఈ స్వభావానికి 1923లో ఎటోపీ అని పేరు పెట్టారు. 1933లో వైజ్, సల్జ్‌బర్గర్ దానిని చర్మానికి అన్వయించి ఎటోపిక్ డెర్మటైటిస్ అన్నారు. ఇక్కడి నుంచి వైద్యుల ఆలోచన ఒకే దారి పట్టింది. అలర్జీకి కారణం తిండి, అలర్జీ వలన ఎగ్జిమా, కాబట్టి తిండి ఆపితే ఎగ్జిమా పోవాలి.

1978లో లండన్‌లో అథర్టన్ బృందం ఈ తర్కాన్ని పరీక్షకు పెట్టింది. పాలు, గుడ్డు లేని ఆహారాన్ని, అవి రహస్యంగా కలిపిన ఆహారాన్ని పిల్లలకు మార్చి మార్చి ఇచ్చారు. ఏది ఎప్పుడు ఇచ్చారో తల్లిదండ్రులకూ, పరీక్షించే వైద్యులకూ తెలియదు. అధ్యయనం పూర్తిచేసిన 20 మందిలో 14 మందికి పాలు, గుడ్డు లేని కాలంలో ఎక్కువ మేలు కనిపించింది. ఇటువంటి ఫలితాలే నా తరం వైద్యుల చేత 'గుడ్డు ఆపండి' అని రాయించాయి.

కాని తరువాతి లెక్కలు అంత ఆశాజనకంగా లేవు. 2008లో కొక్రేన్ సంస్థ 9 అధ్యయనాలను, 421 మంది రోగులను కలిపి సమీక్షించింది. ఎగ్జిమా ఉన్న ప్రతివారికీ పాలు, గుడ్డు ఆపడం వలన ప్రయోజనం ఉన్నదనడానికి ఆధారం దొరకలేదు. గుడ్డు పడదని అనుమానం ఉండి, పరీక్షలో కూడా అదే తేలిన శిశువులకు మాత్రం గుడ్డు ఆపడం వలన మేలు కలగవచ్చునని తేల్చింది. 2022లో వెలువడిన మరొక సమీక్ష కూడా, తిండి మాన్పించడం వలన కలిగే లాభం స్వల్పమనే చెప్పింది. పత్యం పాటించిన వారిలో సుమారు 50 శాతం మందికి చెప్పుకోదగ్గ మెరుగుదల కనిపిస్తే, ఏ పత్యమూ లేనివారిలోనూ 41 శాతం మందికి అది కనిపించింది. ఎగ్జిమా తనంతట తాను పెరుగుతూ తరుగుతూ ఉండే జబ్బు. తగ్గే రోజుల్లో మనం ఏది మానేసి ఉంటే దానికి నింద, ఏ మందు వాడుతుంటే దానికి కీర్తి దక్కుతాయి.

కథ తలకిందులైన రోజు

2006లో స్కాట్లండ్‌లోని డండీ శాస్త్రవేత్తలు, వారి సహచరులు ఒక కీలకమైన విషయం బయటపెట్టారు. చర్మపు పైపొరను గట్టిగా కట్టి ఉంచే ఫిలాగ్రిన్ అనే ప్రోటీన్‌లో పుట్టుకతో వచ్చే లోపం, ఎగ్జిమాకు ఒక ముఖ్య కారణమని తెలిసింది. ఇటుకల గోడలో సున్నం సరిగా పడకపోతే ఎలా ఉంటుందో ఊహించండి. లోపలి తేమ బయటకు పోతుంది, బయటి దుమ్ము, సూక్ష్మక్రిములు లోపలికి వస్తాయి. ఆ బయటి వాటితోపాటు ఇంట్లో ఎగిరే తిండి అణువులు కూడా పగిలిన చర్మం ద్వారా లోపలికి చేరి, శరీరానికి ఆ తిండి మీద శత్రుత్వం నేర్పుతాయి. అదే తిండి నోటి ద్వారా ముందుగా పరిచయమైతే శరీరం దానిని మిత్రునిగా స్వీకరిస్తుంది.

లండన్‌కు చెందిన గిడియన్ లాక్ ఈ ఆలోచనకు బలం చేకూర్చారు. వేరుశనగ నూనె కలిసిన లేపనాలను ఎగ్జిమా చర్మానికి పూసిన పిల్లలలో, వేరుశనగ అలర్జీ ఎక్కువగా ఉన్నదని 2003లో ఆయన బృందం చూపింది. 2008లో బ్రిటన్‌లోని యూదుల పిల్లలనూ ఇజ్రాయెల్ పిల్లలనూ పోల్చి చూశారు. బ్రిటన్‌లో 1.85 శాతం మందికి వేరుశనగ అలర్జీ ఉండగా, ఇజ్రాయెల్‌లో 0.17 శాతమే. ఇజ్రాయెల్‌లో పసిబిడ్డలు పాకే వయసు నుంచే వేరుశనగతో చేసిన చిరుతిండి తింటారు. బ్రిటన్‌లో తల్లులు దానిని దూరంగా ఉంచేవారు. అమెరికా శిశువైద్యుల సంఘం కూడా, అలర్జీ వచ్చే అవకాశం ఉన్న పిల్లలకు మూడేళ్ళ దాకా వేరుశనగ పెట్టవద్దని 2000లో సలహా ఇచ్చి ఉంది. ఆధారం లేదని 2008లో ఆ సలహాను ఉపసంహరించుకున్నది.

చివరి తీర్పు 2015లో వచ్చింది. తీవ్రమైన ఎగ్జిమా గాని, గుడ్డు అలర్జీ గాని, రెండూ గాని ఉన్న 4 నుంచి 11 నెలల వయసు శిశువులను 640 మందిని తీసుకొని, కొందరికి వేరుశనగ క్రమం తప్పకుండా పెట్టారు, కొందరికి పూర్తిగా ఆపారు. చర్మ పరీక్షలో వేరుశనగ పడదని తేలనివారిని ఐదేళ్ళ వయసులో చూస్తే, ఆపినవారిలో 13.7 శాతం మందికి వేరుశనగ అలర్జీ వచ్చింది. తిన్నవారిలో 1.9 శాతం మందికే. మనం రక్షణ అనుకున్నదే ప్రమాదాన్ని పెంచింది. 2017లో అమెరికా మార్గదర్శకాలు పూర్తిగా మారిపోయాయి.

ఈ వార్త చదివిన రోజున నాకు గుర్తుకు వచ్చింది తనకల్లు తల్లే. సంవత్సరానికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా కష్టంగా పడే ఈ నేలను బ్రతికించిన పంట శెనక్కాయ. కదిరి పరిశోధన కేంద్రంలో పుట్టిన రకాలు మన ఊరి పేరుతోనే దేశమంతటా పోయాయి. అటువంటి ఊళ్ళో, ఇంటి ముందర కాయలు ఆరబోసి ఉండగా, పిల్లవాడి చర్మానికి ఆ దుమ్ము తగులుతుంటే, నేను వాడి నోటికి మాత్రం దానిని దూరం చేశాను.

మన వంటింటికి వర్తించే మాటలు

చరిత్ర చదివిన తరువాత చేయవలసింది ఏమిటని మీరు అడుగుతారు. నాకు తోచినంత చెబుతాను.

ఎగ్జిమా చికిత్సకు పునాది చర్మానికి తేమ. గోరువెచ్చని నీటితో కొద్దిసేపు స్నానం, ఒళ్ళు తడి ఆరకముందే వాసన లేని మెత్తని లేపనం, మంట ఉన్నప్పుడు వైద్యుడు ఇచ్చిన పూతమందు. మన ప్రాంతపు పొడిగాలిలో, ముఖ్యంగా చలికాలంలో, ఇది ఏ పత్యం కంటే ఎక్కువ మేలు చేస్తుంది. బిడ్డకు ఎగ్జిమా ఉంటే శెనగనూనెతో ఒళ్ళు మర్దన చేయకండి. నూనె కూరలో ఉండాలి, పగిలిన చర్మం మీద కాదు.

ఏదైనా తిన్న కొద్ది నిమిషాల నుంచి రెండు గంటల లోపు దద్దుర్లు, పెదవుల వాపు, వాంతి, ఆయాసం వస్తే అది నిజమైన అలర్జీ కావచ్చు. ఇంట్లో మళ్ళీ పెట్టి చూడకండి, వైద్యుడిని కలవండి. ఆయాసం వస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళండి. పాశ్చాత్య అధ్యయనాలలో, మధ్యస్థ, తీవ్ర స్థాయి ఎగ్జిమా ఉన్న చిన్నపిల్లలలో సుమారు మూడో వంతు మందికి ఏదో ఒక తిండి అలర్జీ ఉన్నట్టు తేలింది. తక్కినవారికి లేదు. రక్తపరీక్షలో కనిపించినంత మాత్రాన ఆ తిండి పడదని కాదు. తింటే ఏమవుతున్నదన్నదే ముఖ్యం.

అనుమానం బలంగా ఉంటే వైద్యుని పర్యవేక్షణలో ఒక్క పదార్థాన్ని మాత్రం రెండు నుంచి నాలుగు వారాలు ఆపి, తరువాత ఆయన సమక్షంలోనో, సలహా మేరకో తిరిగి పెట్టి చూడాలి. తేడా లేకపోతే ఆ పదార్థం నిర్దోషి. దానిని వెంటనే పళ్ళెంలోకి తీసుకురావాలి. చాలాకాలం మానేసిన తిండి మీద కొత్తగా తీవ్రమైన అలర్జీ పుట్టిన సందర్భాలు కూడా ఉన్నాయి.

కంద తింటే నోరు దురద పెట్టడం వేరు, ఎగ్జిమా వేరు. కందలో సూదుల వంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి. చింతపండు వేసి బాగా ఉడికిస్తే ఆ దురద తగ్గుతుందని మన వంటవారికి ఎప్పుడో తెలుసు. టమాటా, నిమ్మ, పులుసు తగిలి పసిబిడ్డల నోటి చుట్టూ ఎర్రబడడం కూడా చాలావరకు పైపై మంటే. తినిపించే ముందు నోటి చుట్టూ కొంచెం వాసెలిన్ రాస్తే సరిపోతుంది.

వంట చేసే చేతుల సంగతి ఎవరూ పట్టించుకోరు. వెల్లుల్లి ఒలిచే వారికి ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలి కొసలు పగలడం చర్మవైద్యులకు బాగా తెలిసిన ఎగ్జిమా. పచ్చిమిరప, చింతపండు పులుసు, అంట్ల సబ్బు దానిని పెంచుతాయి. అక్కడ మానవలసింది వెల్లుల్లి తినడం కాదు, ఒట్టి చేతులతో ఒలవడం. ఇంట్లో మరొకరు ఆ పని అందుకుంటే అదే సగం వైద్యం.

రాగిసంగటి, పప్పు, ఆకుకూర, ఉలవచారు, ఊరుబిండి, మజ్జిగ ఉన్న మన పళ్ళెం చర్మానికి మంచి పళ్ళెమే. కొర్రలు తింటే ఎగ్జిమా మాయమవుతుందన్న ప్రచారానికి ఆధారం లేదు. ఆరోగ్యానికి మంచివి కాబట్టి తినండి. పెరుగు ఎగ్జిమాను మాన్పదు, పడేవారికి పెంచనూ పెంచదు.

ఇక పసిపిల్లల విషయం. ఆరు నెలల ప్రాంతంలో ఘనాహారం మొదలుపెట్టినప్పుడు, శెనక్కాయలను మెత్తగా నూరి జావలో కలిపి కొద్దికొద్దిగా అలవాటు చేయవచ్చు. గుడ్డును బాగా ఉడికించి పెట్టవచ్చు. గింజలు గింజలుగా మాత్రం ఐదేళ్ళ లోపు పిల్లలకు ఇవ్వకండి, గొంతులో అడ్డం పడతాయి. తీవ్రమైన ఎగ్జిమా గాని, ముందే గుడ్డు అలర్జీ గాని ఉన్న బిడ్డకు మొదటిసారి పెట్టే ముందు వైద్యుడిని అడగండి.

ఆ పిల్లవాడి సంగతి చెప్పి ముగిస్తాను. పాత చీటీని కొట్టివేసి, కొత్త చీటీ రాశాను. ఒక్కొక్కటిగా, వారానికి ఒకటి చొప్పున, నా కళ్ళ ముందు మొదలుపెట్టి అన్నీ తిరిగి పెట్టించాను. దేనికీ దద్దు లేవలేదు. లేపనం, పూతమందు సక్రమంగా వాడారు. ఎగ్జిమా పూర్తిగా పోలేదు గాని, రాత్రి నిద్ర వచ్చింది, బరువు పెరిగాడు. చివరిసారి వచ్చినప్పుడు వాడి చొక్కా జేబు ఉబ్బెత్తుగా ఉంది. తల్లి నవ్వుతూ, "వేయించిన శెనక్కాయలు సార్, వద్దన్నా వినడు" అంది. ఇంకా గింజలు తినే వయసు కాదని ఆమెకు చెప్పి, పొడి చేసి పెట్టమన్నాను.

ఆనాటి నుంచి నేను ఎవరికైనా 'ఇది ఆపండి' అని రాయవలసి వస్తే, దాని కిందనే 'ఈ తేదీన మళ్ళీ మొదలుపెట్టండి' అని కూడా రాస్తూ వచ్చాను. మీకు ఎవరైనా పత్యం చెబితే, ఆ రెండవ వాక్యం కోసం తప్పక అడగండి.